రెండు వందల చదరపు అడుగుల న్యాయం



టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో మీ ఇంటి డ్రైవ్‌వే పక్కన మూడో కారు నిలిచేంత మేర కాంక్రీటు వేయించుకుందామని నువ్వు తెప్పించుకున్న మూడు కొటేషన్లూ చూశాను. పది అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు, నాలుగు అంగుళాల మందం. ఒకాయన 1,700 డాలర్లన్నాడు, ఒకాయన 3,200, మూడో ఆయన 4,050. "ఇందులో ఏది న్యాయమైన ధర మామయ్యా? ఎక్కువ చెప్పినవాళ్లు మనల్ని మోసం చేస్తున్నట్టా?" అని అడిగావు. ఉద్యోగకాలమంతా ఎస్టిమేట్లు రాయడంలో, బిల్లులు సరిచూడడంలో గడిపినవాణ్ణి కనుక నాకు తోచింది వివరంగానే రాస్తున్నాను. ఓపిగ్గా చదువు.

మీ గుడి వాట్సాప్ గ్రూపులో ఎవరో "మాకు అడుగు ఎనిమిది డాలర్లకే వేశాడు" అన్నారని రాశావు. ఆ మాట పక్కన పెట్టు. అది ఎన్ని అడుగుల పనో, ఎంత మందమో, స్టీలు వేశారో లేదో, తవ్విన మన్ను ఎవరు ఎత్తుకెళ్లారో ఆ మెసేజిలో లేదు. కాంక్రీటు లారీ ఆరు వందల అడుగుల పనికీ వస్తుంది, నీ రెండు వందల అడుగుల పనికీ వస్తుంది. మనుషులూ అంతే, అదే పనిముట్లతో అదే బండిలో వస్తారు. పని చిన్నదైన కొద్దీ అడుగు ధర పెరగడం సహజం. ఇందులో మోసం లేదు.

నేను పనిచేసిన ప్రభుత్వ శాఖలో ఏ పనికైనా ముందు డేటా తయారుచేసేవాళ్లం. ఒక ఘనపు మీటరు కాంక్రీటుకు సిమెంటు ఎంత, కంకర ఎంత, ఇసుక ఎంత, మేస్త్రీ ఎంతసేపు, కూలీలు ఎందరు, మిక్సరు అద్దె ఎంత, కాంట్రాక్టరు లాభం ఎంత, అన్నీ విడివిడిగా రాసి, ఎస్‌ఎస్‌ఆర్ (ప్రభుత్వ ప్రామాణిక రేట్ల) పుస్తకంలో ఆ ఏడాది రేట్లు తీసి కట్టేవాళ్లం. టెండర్లు తెరిచాక ఎవరైనా మా అంచనాకన్నా మరీ తక్కువకు వేస్తే సంబరపడేవాళ్లం కాదు. అదనపు డిపాజిట్ కట్టమనేవాళ్లం. ఆ ధరకు పని పూర్తికాదని ఆ నిబంధన రాసినవాళ్లకు తెలుసు. ఆ లెక్క నువ్వూ వేసుకోవచ్చు, పెద్ద విద్యేమీ కాదు.

రెండు వందల చదరపు అడుగులు, నాలుగు అంగుళాల మందం అంటే దాదాపు 67 ఘనపు అడుగులు. మీ దగ్గర ఘనపు గజాల లెక్క కదా, 27తో భాగిస్తే రెండున్నర గజాలు. నేల ఎగుడుదిగుళ్లకూ వృథాకూ కలుపుకుని మూడు గజాలు తెప్పించాలి. ప్లాంటుకు నువ్వే ఫోన్ చేసి అడిగావు, మంచి పని చేశావు. లారీ నిండనప్పుడు వేసే చిన్నలోడు రుసుముతో కలిపి 700 డాలర్లన్నారు. ఇక స్టీలు. 3/8 అంగుళాల ఊచలు పద్దెనిమిది అంగుళాలకొకటి చొప్పున రెండు వైపులా పరిస్తే సుమారు 300 అడుగులు కావాలి, అంటే 110 పౌండ్ల పైచిలుకు. నాలుగు అంగుళాల పలక, దాని కింద నాలుగు అంగుళాల కంకర బెడ్డు అనుకుంటే తవ్వాల్సిన మన్ను ఐదు గజాలు, తవ్వాక గుల్లబారి ఆరు దాటుతుంది. దాన్ని ఎత్తి తీసుకెళ్లి పారబోయాలి. స్టీలు, కంకర, చెక్కలు, మన్ను మోత కలిపి 600 వేసుకో. పర్మిట్, బీమాలో ఈ పనికి వచ్చే వాటా, బండి ఖర్చు కలిపి 400. నలుగురు మనుషులు రెండు రోజులు, అంటే 64 గంటలు. నువ్వనుకున్నట్టు గంటకు 22 డాలర్ల లెక్కన 1,408. మొత్తం 3,108. దీనిమీద కాంట్రాక్టరు లాభం, ఆఫీసు ఖర్చు, పని చెడితే మళ్లీ చేయడానికి అట్టేపెట్టుకునేది కలిపి పాతిక శాతం వేస్తే 3,885. ఈ అంకెలు నాలుగైదు వందలు అటూ ఇటూ కావచ్చు. కానీ 4,050 అడిగినాయన దోచుకోవడం లేదని చెప్పడానికి ఇవి చాలు.

ఇప్పుడు 1,700 తీసుకో. కాంక్రీటుకు 700 పోతే మిగిలింది వెయ్యి. ఆ వెయ్యిలోనే తవ్వకం, మన్ను మోత, కంకర, స్టీలు, చెక్కలు, బండి, బీమా, ఆయన లాభం, నలుగురి రెండు రోజుల కూలి. ఇవన్నీ అందులో ఇమడవు. అంటే వీటిలో కొన్ని ఉండవన్నమాట. స్టీలు ఉండదు, లేదా బెడ్డు ఉండదు, లేదా నాలుగు అంగుళాలు మూడవుతుంది, లేదా సాయంత్రం కూలీ చేతిలో పడాల్సింది పడదు. మొదటి మూడూ నీ నష్టం. నాలుగోదాన్ని నువ్వు చూడవు, అందుకే దానిగురించి ఎక్కువ రాయాలనుకుంటున్నాను. అంతకంటే ముందు నేల సంగతి చెప్పాలి.

మీ డాలస్ చుట్టుపక్కల నేలను బ్లాక్‌లాండ్ ప్రెయిరీ అంటారు. అది మన నల్లరేగడికి దగ్గరి చుట్టం. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిచ్చి కుంచించుకుపోతుంది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో గోడలు నిలువునా చీలిన ఇళ్లు నువ్వు చిన్నప్పుడు చూసే ఉంటావు, అదంతా ఆ మట్టి చేసిన పనే. కాలువల లైనింగు కింద రేగడి ఉన్నచోట మేం ఉబ్బని మట్టి పొర ఒకటి పరిచి, నీళ్లు చల్లి, రోలరు తిప్పి గట్టిపరిచాకే కాంక్రీటు వేయించేవాళ్లం. కాబట్టి మీ ఊళ్లో డ్రైవ్‌వే ఆయుష్షు పైన కనిపించే నునుపులో ఉండదు, కింద ఉన్న బెడ్డులో ఉంటుంది. "కింద ఎంత లోతు తవ్వుతారు, ఏం నింపుతారు, దిమ్మిస దేనితో కొడతారు?" అని ముగ్గురినీ అడుగు. పాత పలకకూ కొత్త పలకకూ మధ్య ఏం చేస్తారో కూడా అడుగు. పాతదానికి రంధ్రాలు తొలిచి డోవెల్ కడ్డీలు దిగేసి కలపకపోతే, రేగడి ఒకవైపు లేచినప్పుడు ఆ అతుకు దగ్గర మెట్టు పడుతుంది. స్టీలు నేలమీద పడుకుని ఉంటే వేసినా వేయనట్టే. కింద కవర్ బ్లాకులు పెట్టి పలక మధ్యకు లేపాలి.

ఇంకో మాట. "మా కాంక్రీటు పగలదు" అని ఎవరైనా అంటే అతన్ని నమ్మకు. కాంక్రీటు ఆరేటప్పుడు కుంచించుకుంటుంది, ఎక్కడో ఒకచోట పగులుతుంది. మంచి మేస్త్రీ ఆ పగులు ఎక్కడ రావాలో ముందే నిర్ణయించి, ఎనిమిది పది అడుగులకొకచోట పలక మందంలో నాలుగో వంతు లోతున జాయింటు కోస్తాడు. "పగులుతుందమ్మా, కానీ ఈ గీతలోనే పగిలేలా చూస్తాను" అన్నవాడు పనీ తెలిసినవాడు, నిజమూ చెప్పేవాడు. ఆ మాట అన్నది 4,050 ఆయనేనని నువ్వు రాసినప్పుడు నాకు సంతోషమేసింది.

నీళ్ల సంగతి కూడా. పోత పోసేటప్పుడు పని సులువవుతుందని లారీ డ్రైవరును ఇంకాస్త నీళ్లు కలపమంటారు. గజానికి ఒక గ్యాలన్ ఎక్కువ కలిపితే 150 నుంచి 200 పీఎస్‌ఐ దాకా బలం పోతుందని మా రంగంలో లెక్క. లారీతో వచ్చే డెలివరీ టికెట్ అడిగి తీసుకో. ఏ బలం కాంక్రీటు, ప్లాంటులో ఎన్ని గంటలకు కలిపారు, దారిలో ఎన్ని నీళ్లు కలిపారు అన్నీ అందులో ఉంటాయి. కలిపాక గంటన్నర లోపల పోత పూర్తికావాలనేది పాత నియమం. 1,700 ఆయన తలుపు తట్టి "పక్క వీధిలో పోశాం, లారీలో మిగిలింది, అందుకే చవక" అన్నాడన్నావు. నీ స్థలం ఇంకా తవ్వలేదు, చెక్కలు కట్టలేదు. గంటన్నరలో ఆ కాంక్రీటు ఎక్కడ పోస్తాడు? అతని మాట వినకు. ఇలా ఇంటికి వచ్చి అమ్మినవాడితో సంతకం పెట్టినా మూడు పనిదినాల్లో రద్దు చేసుకోవచ్చని అమెరికాలో ఫెడరల్ నిబంధన ఉంది, తెలిసి ఉండడం మంచిది.

ఇప్పుడు మనుషుల సంగతి. టెక్సాస్‌లో కాంక్రీటు కాంట్రాక్టరుకు రాష్ట్రం ఇచ్చే లైసెన్సు లేదు. ప్రైవేటు యజమాని కార్మికులకు పరిహార బీమా తీసుకోవడం కూడా అక్కడ తప్పనిసరి కాదు. అంటే నీ ఇంటి ముందు ఎండలో పనిచేసే మనిషి కాలుమీద చెక్క పడితే ఆసుపత్రి ఖర్చు ఎవరు పెడతారన్నది చాలావరకు కాంట్రాక్టరు మనస్సాక్షికి వదిలేశారు. వేసవిలో మీ ఊరి ఎండ ఎలా ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు. డాలస్ నగరం 2015లో నిర్మాణ కార్మికులకు నాలుగు గంటలకొకసారి పది నిమిషాల విరామం ఇవ్వాలని నిబంధన పెట్టింది. 2023లో రాష్ట్ర శాసనసభ అలాంటి స్థానిక నిబంధనలు చెల్లకుండా ఒక చట్టం చేసింది. ఆ పది నిమిషాలు కూడా కూలి లెక్కలోకి వస్తాయి. చవక కొటేషనులో ముందు పోయేది అవే.

నీకు గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. ఒక పనికి న్యాయమైన ధర అంటే ఆ పనిలో చెయ్యిపెట్టిన ప్రతి ఒక్కరూ తమ వంతు తీసుకుని ఇంటికి వెళ్లగలిగే ధర. నువ్వు కష్టపడి సంపాదించిన డబ్బు వృథా కాకూడదు, నిజమే. కానీ మనవాళ్లలో "నేను ఇంతకు తెగ్గొట్టాను" అని నలుగురిలో చెప్పుకోవడం ఒక గొప్పగా చలామణి అవుతోంది. తెగ్గొట్టిన ఆ డాలర్లు కాంట్రాక్టరు జేబులోంచి రావు. అతను పై మనిషి, తన లాభం ముందే తీసి పక్కన పెట్టుకుంటాడు. అవి అడగలేని మనిషి కూలిలోంచి వస్తాయి. భాష రాని ఊళ్లో, కాగితాలు సరిగా లేని భయంతో, ఇచ్చింది పుచ్చుకునే మనిషి దగ్గర్నుంచి వస్తాయి. మనవాళ్లూ పరాయి దేశంలో తమ పనికి తగిన జీతం కోసం పాకులాడినవాళ్లే కనుక ఈ బాధ నీకు తెలియాలి.

అలాగని మొహమాటపడి అడిగినంతా ఇచ్చెయ్యమని కాదు. మొహమాటం కూడా తప్పే. అది మాయమాటలు చెప్పేవాణ్ణి పోషిస్తుంది, నిజాయితీగా రాసి ఇచ్చేవాణ్ణి పక్కకు నెడుతుంది. ధర మీద కాదు, పని మీద ప్రశ్నలు వెయ్యి. ఖర్చు తగ్గించే దారులు కొన్ని ఉన్నాయి, వాటితో ఎవరి కడుపూ కొట్టినట్టు కాదు. మీ పక్కింటివాళ్లూ వేయించుకోవాలనుకుంటున్నారన్నావుగా, ఇద్దరూ ఒకే రోజు పోత పెట్టించుకుంటే చిన్నలోడు రుసుము తగ్గొచ్చు, మనుషులు ఒకే రాకలో రెండు పనులు చేస్తారు. ఆ మిగులు గురించి ధైర్యంగా అడుగు, అది నీ హక్కు. గడ్డి పెళ్లగించడం నువ్వూ అల్లుడూ ఒక శనివారం చేసుకోగలిగితే అదీ తగ్గించమను. తవ్వే ముందు 811కి ఫోన్ చేసి భూమిలో గ్యాసు, కరెంటు లైన్లకు గుర్తులు పెట్టించారో లేదో చూడు. లాన్‌లో స్ప్రింక్లరు గొట్టాలు ఆ పది అడుగుల వెడల్పులో ఉంటే వాటిని జరిపే ఖర్చు ఎవరిదో ముందే తేల్చుకో. అందరూ మరిచిపోయే ఖర్చు అదే. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) అనుమతి లేకుండా చెక్క కూడా పాతనివ్వకు. వాన నీళ్లు పక్కింటి వైపు కాక వీధి వైపు పోయేలా వాలు పెట్టించు.

3,200 ఆయన కాగితంలో ఒకే వాక్యం ఉంది, "డ్రైవ్‌వే విస్తరణ, రెండు వందల అడుగులు" అని. అది కొటేషను కాదు. అతను చెడ్డవాడని నేననను. మందం, స్టీలు, బెడ్డు, జాయింట్లు, కాంక్రీటు బలం, మన్ను మోత, పర్మిట్, పని ఎన్ని రోజులు, చెడితే ఎన్నేళ్ల వరకు బాగుచేస్తాడు అన్నీ రాసిమ్మను. రాసిచ్చాక కూడా అదే ధర అంటే అతన్నీ లెక్కలోకి తీసుకో. అప్పుడతను ధర పెంచితే కోప్పడకు, నిజం చెప్పాడనుకో.

డబ్బు ఒకేసారి ఇవ్వకు. ఖరారు చేసినప్పుడు కొద్దిగా, తవ్వి స్టీలు కట్టాక నువ్వు చూసి కొంత, జాయింట్లు కోసి చెక్కలు విప్పాక మిగతాది. ఆఖరి డబ్బు ఇచ్చేముందు కాంక్రీటు ప్లాంటు వాళ్లకు బాకీ లేదని, ఇంటిమీద లీన్ (బాకీ దావా) హక్కు వదులుకున్నామని కాగితం తీసుకో. కాంట్రాక్టరు వాళ్లకు ఎగ్గొడితే నీ ఇంటిమీదకు రావడానికి చట్టంలో దారి ఉంది. బీమా సర్టిఫికెట్ బీమా కంపెనీ నుంచే నీ ఈమెయిలుకు పంపించమను. పోత పడ్డాక వారం రోజులు తడి ఆరనివ్వకు, కారు ఎక్కించకు. అల్లుడికి తొందర ఎక్కువ, నువ్వే చూసుకోవాలి.

3,200 ఆయన అవన్నీ రాసివ్వకపోతే ఆలోచించకుండా 4,050కి ఒప్పుకో. నా లెక్కకూ దానికీ ఉన్న నూట అరవై అయిదు డాలర్ల తేడా కోసం బేరమాడకు. పోత తెల్లవారుజామున పెట్టించు. ఆ రెండు రోజులూ గ్యారేజీ తలుపు తెరిచి ఉంచి, చల్లని నీళ్లు, కూర్చోవడానికి నీడ ఏర్పాటు చెయ్యి. వాళ్లలో మేస్త్రీ ఎవరో కనుక్కుని, కూలి ఏ రోజుకారోజు అందుతోందో లేదో అడుగు. అందడం లేదంటే కాంట్రాక్టరుకు చివరి చెక్కు ఇచ్చేముందు ఆ మాట ఎత్తు.

ఇట్లు,
మీ మామయ్య