దస్తర్‌ఖాన్ మీద వేరే గిన్నె

అడగందే అమ్మయినా పెట్టదంటారు. మా ఇంట్లో అమ్మీ అడక్కుండానే పెడుతుంది. చిక్కంతా అక్కడే వచ్చింది.

మాది కంకిపాడు. విజయవాడ నుంచి బందరు పోయే రోడ్డు మీద ఊరు. మేం ఇద్దరు అన్నదమ్ములం. ఇద్దరివీ ఒకే రకం కడుపులు. తిన్న గంటకి ఉబ్బుతాయి, మెలిపెడతాయి. రెండ్రోజులు బిగుసుకుపోతాయి, మూడోరోజు ఇల్లు కదలనివ్వవు. బస్సెక్కే ముందు మరుగుదొడ్డి ఎక్కడుందో చూసుకునే బతుకులు మావి. రక్తపరీక్షలు, స్కానింగులు, గొట్టం వేసి చూడటాలు అన్నీ అయ్యాయి. పుండు లేదు, గడ్డ లేదు. చివరికి విజయవాడలో ఒక డాక్టరు 'ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్' అని రాసిచ్చాడు. పేగు చూడ్డానికి బాగానే ఉంటుంది, పనిచేయడంలోనే తేడా అన్నాడు. మందుల చీటీ కన్నా తినకూడని వాటి చీటీ పొడుగ్గా ఉంది. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పాలు, శనగలు, ఎక్కువ నూనె, ఎక్కువ కారం.

ఆ చీటీ చదివి వినిపిస్తే అమ్మీ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "ఇవన్నీ తీసేస్తే నా చేతిలో ఏం మిగిలింది బేటా?"

ఆ ప్రశ్నకి ఆరోజు మా దగ్గర జవాబు లేదు. ఇంట్లో వండినదాన్ని వద్దనడం వండినవాళ్లని వద్దనడమేనా? ఇది వైద్యుడు తేల్చే విషయం కాదు.

మా ఇళ్లలో ప్రేమ నోటితో చెప్పుకునేది తక్కువ. అంతా వడ్డనలోనే. "ఇంకొంచెం వేసుకో" అనడమే ముద్దు చేయడం. వద్దంటే అలక. చుట్టాలింట్లో అయితే మరీ. పెళ్లి దావత్‌లో బిర్యానీ పళ్లెం పక్కకి జరిపి పెరుగన్నం అడిగితే నలుగురూ తలతిప్పి చూస్తారు. "రాళ్లు తిన్నా అరిగే వయసురా మీది" అంటారు మామూలు. "ఏం పంతులుగారూ, ఉల్లిపాయ కూడా మానేశారంట" అని ఒక ఖాలా నవ్వింది. ఆ నవ్వులో కోపం లేదు. కానీ గీత ఉంది. గీతకి అవతల నిలబడ్డామన్న సంగతి మాకు తెలిసింది.

ఇక గీతకి ఆ పక్కవాళ్లు. విజయవాడలో అద్దెకి గది వెతుక్కున్న రోజుల్లో ఒక ఇంటాయన మా పేర్లు విని మొహం ముడిచాడు. మేం మాంసం తినలేమని తెలిశాక మొహం విప్పాడు. "మీరు వాళ్లలా లేరండీ" అన్నాడు. మెచ్చుకోలే. మా అజీర్తిని ఆయన సంస్కారం అనుకున్నాడు! మా అమ్మీ, మా అబ్బా, మా నానీమా అందరూ ఆ 'వాళ్లు'లో ఉన్నారు. వాళ్లని బయట నిలబెట్టి మాకు మాత్రం తలుపు తీశాడు. ఆ గది మేం తీసుకోలేదు. తీసుకోనందుకు గర్వపడ్డాం కూడా. ఆ రాత్రి గర్వంగా బిర్యానీ తిన్నాం. మర్నాడంతా మంచం మీద పడి ఉన్నాం.

ఎందుకు తిన్నాం? ఆకలై కాదు. మేం 'వాళ్లమే' అని రుజువు చేసుకోవడానికి. ఇంతకంటే తెలివితక్కువ రుజువు ఇంకోటి లేదని ఇప్పుడు తెలుస్తుంది. కానీ ఆ తెలివితక్కువతనం ఊరికే రాలేదు. 2015లో ఉత్తరప్రదేశ్‌లోని దాద్రీ దగ్గర మహమ్మద్ అఖ్లాక్‌ని ఇంట్లో గొడ్డుమాంసం ఉందన్న అనుమానంతో కొట్టి చంపారు. కంచంలో ఏముందో చూసి మనిషిని తూచే కాలంలో కంచం కంచంలా ఉండదు, జెండా అవుతుంది. జెండా దించినవాడు పారిపోయినవాడిలా కనిపిస్తాడు. అందుకే మావాళ్లు మా పెరుగన్నాన్ని చూసి నవ్వుతారు. ఆ నవ్వు కింద భయం ఉంది. దాన్ని మేం అర్థం చేసుకుంటాం. ఒప్పుకోం.

ఎందుకంటే మా కంచంలోకి బయటివాడు తొంగిచూడకూడదని మేం అడుగుతున్నాం. అది న్యాయమైన మాట. మరి అదే కంచంలోకి మేమే తొంగిచూసి 'నువ్వు మాలా తినడం లేదు' అంటే ఆ న్యాయం ఏమైనట్టు? తినే హక్కు గురించి మాట్లాడేవాళ్లం తినకుండా ఉండే హక్కు గురించి కూడా మాట్లాడాలి. రెండూ ఒకటే హక్కు.

ఇంతకీ మనం కాపాడుకుంటున్న ఆ రుచి ఎంత పాతది? మిరపకాయ అమెరికా ఖండాలది. పోర్చుగీసువాళ్ల ఓడల్లో పదహారో శతాబ్దంలో మన దేశానికి వచ్చింది. అంతకుముందు కారమంటే మిరియాలూ పిప్పళ్లే. టమాటా, బంగాళాదుంప కూడా ఓడ దిగి వచ్చినవే. ఆంధ్రుల కారమూ మా సాలన్ కారమూ రెండూ ఆ పరాయి కాయవే. మా ఊరి మీదుగా పోయే రోడ్డుకి పేరిచ్చిన బందరు కూడా రేవు అనే అర్థం ఉన్న ఫార్సీ మాటే. వచ్చినవాటిని కలుపుకుంటూ వచ్చిన వంట మాది. కలుపుకున్న వంట నుంచి ఒకటో రెండో తీసేస్తే మతం పోదు, కులం రాదు.

మతం మాటే వస్తే, మాకు మా మతంలోనే తోడు దొరికింది. ప్రవక్త ఏనాడూ భోజనానికి వంక పెట్టలేదని హదీసుల్లో ఉంది. ఇష్టమైతే తినేవారు, లేకపోతే వదిలేసేవారు. ఒకసారి ఆయన ముందు ఉడుము లాంటి ఎడారి జంతువు మాంసం వడ్డించారు. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఇది హరామా అని ఖాలిద్ బిన్ వలీద్ అడిగితే కాదన్నారు. మా ప్రాంతంలో ఉండదు, నాకు మనసొప్పదు అన్నారు. ఖాలిద్ దాన్ని తన ముందుకి లాక్కుని తిన్నాడు. ఆయన చూస్తూనే ఉన్నారు. ఒకే దస్తర్‌ఖాన్ మీద ఒకరు తిన్నారు, ఒకరు తినలేదు. ఎవరి ఈమానూ తగ్గలేదు. తినలేనివాడు తినేవాడిని తప్పు పట్టలేదు, తినేవాడు తినలేనివాడిని ఎగతాళి చేయలేదు. మాకు కావాల్సింది ఇంతే.

జబ్బుపడినవాళ్లకి తల్బీనా అనే బార్లీ జావ మంచిదని హజ్రత్ ఆయిషా చెప్పేవారట. ఒక పెద్దాయన ఈ సంగతి చెప్పి మాకు బార్లీ పంపాడు. మా కడుపులకి బార్లీ కూడా పడలేదు. అయినా ఆ జావ మాకు నేర్పింది ఒకటుంది. రోగికి వేరే గిన్నె పెట్టడం మనలో కొత్త కాదు. తెలుగులో పథ్యం అంటాం. ఉర్దూలో పర్హేజ్ అంటాం. అదే మాట నుంచి పర్హేజ్‌గార్ వచ్చింది. అంటే భక్తిపరుడు, తనని తాను అదుపులో ఉంచుకునేవాడు. నోరు కట్టుకోవడాన్నీ నీతినీ ఒకే మాటతో పిలిచిన భాష మాది.

వంటింట్లో దారి కూడా నెమ్మదిగానే దొరికింది. డాక్టరు ఇచ్చిన చీటీ ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయం వాళ్లు తయారుచేసిన పద్ధతి. దాన్ని మేం సగమే విన్నాం. అది జన్మంతా మానేయమనే చీటీ కాదు. కొన్ని వారాలు మానేసి, తర్వాత ఒక్కొక్కటే మళ్లీ తిని చూసి, పడనిది మాత్రమే వదలాలి. అమ్మీ ఏడ్చింది మేం సగం విన్నందుకే. ఇంకోటి కూడా తెలిసింది. ఉల్లిలో, వెల్లుల్లిలో మా పేగుల్ని ఉబ్బించే పదార్థం నీళ్లలో కరుగుతుంది, నూనెలో కరగదు. వెల్లుల్లిని నూనెలో వేయించి, రెబ్బలు తీసేస్తే వాసన మిగులుతుంది, బాధ మిగలదు. ఈ మాట చెబితే అమ్మీ నవ్వింది. "బఘార్ వేసి రెబ్బలు తీసెయ్యడమేగా! దీనికి ఆస్ట్రేలియా దాకా పోవాలా?" ఆ రోజు నుంచి పప్పు నీళ్లగా కాచి, పోపుకి ముందే మా గిన్నె పక్కన పెట్టేది. మా గొడవ తీరిందనుకున్నాం.

తీరలేదు. మేం చెప్పాల్సిన అసలు సంగతి ఇక్కడినుంచే.

ఒక రంజాన్‌లో డాక్టరు మమ్మల్ని రోజాలు ఉండొద్దన్నాడు. జబ్బుపడినవాళ్లకీ, ప్రయాణంలో ఉన్నవాళ్లకీ ఖురాన్‌లోనే వెసులుబాటు ఉంది, తర్వాత ఉండొచ్చు. అయినా సిగ్గేసి తలుపేసుకుని తిన్నాం. ఆ గంజి కాచింది అమ్మీ, నోట్లో చుక్క నీళ్లు పోసుకోకుండా. సహరీకి లేచి అబ్బాకి వండింది. పగలు మాకు వండింది. సాయంత్రం ఇఫ్తార్‌కి అందరికీ వండింది. ఒకరోజు ఇఫ్తార్ అయ్యాక గిన్నెలు లోపల పెట్టబోతే వంటింట్లో గోడకానుకుని కూర్చుని ఉంది, చెయ్యి పొట్ట మీద నొక్కుకుని. బియ్యం డ్రమ్ము వెనకాల జెలుసిల్ సీసా. సగం అయిపోయింది.

ఎన్నాళ్ల నుంచి అని అడిగాం. "మీరు పుట్టకముందు నుంచీ" అంది.

మరి చెప్పలేదేం?

"చెబితే నాకు పర్హేజ్ ఎవరు వండుతారు?"

మా ఇంట్లో కడుపు బాగాలేనివాళ్లం ఇద్దరం కాదు, ముగ్గురం. ఇద్దరికి చీటీ ఉంది, డాక్టరున్నాడు, వేరే గిన్నె ఉంది. మూడో మనిషి అందరూ తిన్నాక అడుగున మిగిలిన సాలన్ తినేది, నూనె తేలిందీ కారం దిగిందీ. మా అస్తిత్వం గురించి, మా కంచం గురించి, మా హక్కు గురించి మేం అంత ఆలోచించాం. ఆ కంచం ఎవరు నింపుతున్నారో, ఆమె కంచంలో ఏముందో ఒక్కసారీ చూడలేదు.

బలవంతాన తీసుకెళ్లి గొట్టం పరీక్ష చేయించాం. పుండు ఉంది, దానికో క్రిమి కారణం అన్నారు. ఆ క్రిమిని 1982లో ఆస్ట్రేలియాలో బారీ మార్షల్, రాబిన్ వారెన్ అనే ఇద్దరు గుర్తుపట్టారు. 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. అంతకుముందు కడుపులో పుండంటే కోపం వల్ల, దిగులు వల్ల, తిండి వల్ల అనేవాళ్లు. అంటే రోగిదే తప్పు. అమ్మీ కూడా అలాగే అనుకుంది, తనదే తప్పని. రెండు వారాలు మందులు వాడింది. తర్వాత పరీక్షలో క్రిమి లేదన్నారు. మా జబ్బుకి పూర్తిగా పోగొట్టే మందు లేదు. ఆమె జబ్బుకి ఉంది. అడిగేవాళ్లే లేకపోయారు.

అందుకే ఇప్పుడు మేం 'మా పథ్యం మా హక్కు' అని అక్కడితో ఆపలేం. పథ్యం అడగగలగడం కూడా ఒక అధికారం. అది మాకు కొడుకులమైనందుకు వచ్చింది. పెద్ద సమాజం ముందు మేం మైనారిటీ. మా దస్తర్‌ఖాన్ దగ్గర మేం మెజారిటీ. అక్కడ మైనారిటీ వంటింట్లో ఉంది. మా తేడాని గౌరవించమని లోకాన్ని అడిగే ముందు ఆ తేడా బరువు ఎవరి నడుం మీద పడుతోందో చూసుకోవాలి. ఇంకొకరు రెట్టింపు చాకిరీ చేస్తే నిలబడే హక్కు సగం హక్కే.

ఇప్పుడు మా గిన్నె మేమే వండుకుంటున్నాం. మొదట్లో అన్నం మాడింది, పప్పు ఉడకలేదు. అమ్మీకి అది నచ్చలేదు. "నేను చచ్చానా?" అని రెండ్రోజులు మాట్లాడలేదు. వంటిల్లు వదలమంటే ఆమెకి ఉన్న ఒక్క చోటూ లాక్కున్నట్టుందని తర్వాత అర్థమైంది. అందుకని ఒప్పందానికొచ్చాం. బఘార్ ఆమెది. ఉల్లి తరగడం, గిన్నెలు తోమడం, రాత్రి వంట మావి. అబ్బాకి ఇంకా ఇది వింతగానే ఉంది. వెల్లుల్లి లేని సాలన్ సాలనే కాదంటాడు. అననివ్వండి, ఆయన గిన్నె ఆయనకుంది.

పోయిన బక్రీద్ నాడు అందరం ఒకేసారి కూర్చున్నాం. మూడు గిన్నెలు, ఒక దస్తర్‌ఖాన్. అమ్మీ రెండుసార్లు లేవబోయింది, ఎవరికో ఏదో కావాలని. రెండుసార్లూ కూర్చోబెట్టాం. మూడోసారి ఎప్పుడు లేచిందో మేం చూసుకోలేదు. అప్పటికే లోపల్నుంచి రొట్టెలు తెచ్చి వడ్డిస్తోంది.