యముడు చెప్పక విడిచిన చక్రములు

కఠోపనిషత్తునందు యమధర్మరాజు నచికేతునకు శరీరమును రథముగా రూపించి చెప్పునప్పుడు, ఆత్మను రథికునిగాను, బుద్ధిని సారథిగాను, మనస్సును పగ్గములుగాను, ఇంద్రియములను గుఱ్ఱములుగాను, విషయములను ఆ గుఱ్ఱములు పరువెత్తు దారులుగాను వరుసగా పేర్కొని, రథమునకు అత్యావశ్యకములైన చక్రములను మాత్రము పేర్కొనక విడిచెను. వేదాంతము చదువువారికి ఇది లోపముగా తోచదు. తోచవలసిన అవసరమును లేదు. కాని గురుగ్రామ్, నోయిడా ప్రాంతములలో వేగముకొఱకే పుట్టిన కారొకటి కొనుక్కొని, కొన్నేండ్లు నడుపుకొని, టైర్లు అరిగి క్రొత్తవి వేయించుకొనవలసిన దినము వచ్చినవానికి ఆ విడిచిన చక్రములే ముందుగా కంటబడును; ఏలనన, రథికుడు, సారథి, పగ్గములు, గుఱ్ఱములు అన్నియు చక్కగా కుదిరియున్నను, నేలను తాకునవి అవి మాత్రమే.

ఆ తాకు చోటైనను ఎంత? ఒక్కొక్క టైరునకు ఇంచుమించు అరచేయంత. 450 అశ్వశక్తి గల యంత్రమైనను, ఎంత వెల పెట్టి చేయించిన బ్రేకులైనను, తమ పనిని ఆ నాలుగు అరచేతుల మేరలోనే నెరవేర్చుకొనవలెను. రబ్బరు మెత్తనిదైనచో, రోడ్డుపై కంటికి కనబడని మిట్టపల్లములలోనికి ఒదిగి పట్టు సంపాదించును. ఒదిగినది ఒరసికొనును, ఒరసికొనినది అరుగును. గట్టిదైనచో చిరకాలము మన్నును గాని, నేల తడిసిన వేళ నమ్మదగినది కాదు. రసాయనశాస్త్రజ్ఞులు రబ్బరులో సిలికా మొదలగువానిని కలిపి ఈ రెండు గుణముల నడుమ దూరమును చాల తగ్గించిరి; విరోధమును మాత్రము తీసివేయలేకపోయిరి.

నా మేనల్లుడొకడు గురుగ్రామ్‌లో పోర్షె 911 కారెరా ఎస్ నడుపుచున్నాడు. దానికి ముందు టైరు వెడల్పు 245 మిల్లీమీటర్లు, వెనుక టైరు వెడల్పు 305. కావున ముందువి వెనుకకు, వెనుకవి ముందునకు మార్చి అరుగుదలను సమముచేయు సామాన్యగృహస్థుని ఉపాయము దానియెడ చెల్లదు. స్టెప్నీ యను ఆపద్బంధువు అసలే లేదు. గాలికొట్టు చిన్న యంత్రమును, రంధ్రము పూడ్చు జిగురుసీసాయు మాత్రమే ఇత్తురు. బరువు వెనుక, శక్తి వెనుక. అరిగినవియు ముందుగా వెనుక టైర్లే. గాడుల అడుగున 1.6 మిల్లీమీటర్ల ఎత్తున నుండు అడ్డుదిమ్మెలు పైతలముతో సమము కావచ్చినప్పుడు వాడు నాకు ఫోను చేసి, "మామయ్యా, కప్ 2 వేయించుకోనా? బుద్ధ్ సర్క్యూట్ మీద వాటి పట్టే వేరట" అనెను. ఆ వెంటనే వాని భార్య ఫోను తీసికొని, "ఆ సర్క్యూట్‌కి ఏడాదికి ఒక్కసారి పోతే గొప్ప, మామయ్యగారూ. తీసినప్పుడు వెళ్ళేది ఆఫీసుకే. ఎక్కువ కాలం వచ్చే గట్టివి వేయించమని చెప్పండి" అని తన పక్షము వినిపించెను.

ఇరువురి మాటయు అకారణము కాదు. మిషెలిన్‌వారి కప్ 2 వంటి టైరు పందెపు బాటను మనసులో నుంచుకొని చేసినది. దానిపై సాధారణముగా కనబడు అరుగుదల అంకె 180, అదే సంస్థ రోడ్డుకై చేసిన పైలట్ స్పోర్ట్ 4ఎస్‌పై 300. అంకె పెరిగినకొలది ఆయువు పెరుగును. గాడులు తక్కువగా గల ఆ కప్ జాతి, వేడెక్కిన పిదపగాని తన అసలు గుణమును చూపదు. ప్రతి రెడ్‌లైటునొద్ద ఆగి ఆగి కదలు ఢిల్లీ రింగురోడ్డుపై అది వేడెక్కుట అరుదు. జనవరి ఉదయమున చలి 5 డిగ్రీలకు దిగినప్పుడు అది బిగిసియుండును. మింటో బ్రిడ్జి క్రింద పలుమార్లు చెఱువు వెలసిన ఈ నగరమున, జూలై వానకు రోడ్డుపై నీరు నిలిచినచో, ఆ కొద్ది గాడులు నీటిని వెడలగొట్టలేక టైరు నేలను విడిచి నీటిపై తేలును. ఇక గట్టి టైరా, ఏండ్ల తరబడి వచ్చును. కాని అంతటి బలము గల కారును అదే వానలో ఆపవలసివచ్చినప్పుడు దాని దీర్ఘాయువు ఎవరికిని అక్కఱకు రాదు.

రథోపమను చెప్పుటకు ముందే, అదే ఉపనిషత్తున, శ్రేయస్సు ప్రేయస్సు అను రెండును మనుష్యుని చేరవచ్చుననియు, ధీరుడు మొదటిదానిని వరించుననియు, మందుడు యోగక్షేమముల కొఱకై రెండవదానిని వరించుననియు యముడు చెప్పియున్నాడు. మనము ప్రేయస్సనగానే భోగలాలస యని తలచి, పొదుపరి దానికి కడు దూరమున నున్నాడని భ్రమింతుము. యముని మాట పొదుపరిని అంత సులభముగా విడువదు. తనకు లేని పందెగాని పట్టును సంపాదింపగోరు మేనల్లుడు యోగమునకు లోబడినాడు. ఉన్న ధనమును, ఉన్న రబ్బరును కాపాడుకొనగోరు కోడలు క్షేమమునకు లోబడినది. ఇరువురును ప్రేయస్సు గడప దాటలేదు. ఈ మాట ఆమెతో అనుటకు నాకు ధైర్యము చాలలేదన్నది వేఱు సంగతి.

ఇచ్చట ఒక ఆక్షేపము రాకపోదు. నచికేతుని పరీక్షించుటకై యముడు చూపిన ప్రలోభములలో రథములును కలవు. రథములతో, వాద్యములతో కూడిన సుందరాంగనలను ఇత్తునని ఆశపెట్టగా, ఆ బాలుడు, ఇవి ఇంద్రియముల తేజస్సును హరించునవి, నీ వాహనములను నీయొద్దనే ఉంచుకొనుమని త్రోసిపుచ్చెను. అట్టి ఉపనిషత్తును తెచ్చి, కోటిన్నరకు మించిన కారునకు టైర్లు ఎంచుటలో వినియోగించుట న్యాయమా? కారు కొనుట ప్రేయస్సే. దానిని వేదాంతముతో సమర్థింపబూనుట హాస్యాస్పదము. కాని నచికేతుడు కాలేక, రథమును వద్దనలేక పుచ్చుకొన్నవాడు, పుచ్చుకొన్నంతమాత్రమున ధర్మవిచారమునుండి విముక్తుడు కాడు. పైపెచ్చు వానికే అది ఎక్కువ అవసరము. కారులోని యంత్రము యజమాని కొఱకు. తోలుసీట్లును పాటలపెట్టెయు యజమాని కొఱకు. ఆ మెఱయు రంగు ఇరుగుపొరుగువారి కొఱకు. తడిసిన రోడ్డుపై నాలుగు గజములు ముందుగా కారును నిలుపగల టైరు ఎవరి కొఱకు? ధౌలా కువాఁ యొద్ద బస్సు అందుకొనుటకై రోడ్డునకు అడ్డముపడి పరుగెత్తు కూలివాని కొఱకు, వెనుక భార్యను, ముందు బిడ్డను కూర్చుండబెట్టుకొని సందులోనుండి వెలువడు మోటారుసైకిలువాని కొఱకు. వారిని యజమాని ఎఱుగడు, ఎఱుగబోడు; వారి పేరు ఏ పోలీసు కాగితముననో చదువవలసిన దుర్గతి పట్టకుండుటయే ఆ టైరు వలని ఫలము. కారులో పరులకొఱకు కొనదగిన వస్తువు ఏదైన నున్నచో అది టైరు, శ్రేయస్సు అచ్చటనున్నది. ఆ దృష్టితో చూచినచో, వానలో ఆగునది, చలిలో అంతగా బిగియనిది, కంపెనీ తన కారునకు సరిచూచి 'ఎన్' అను అక్షరముతో మొదలగు ముద్ర వేయించినది, అరుగుదలకు ఒప్పుకొనినది, అట్టి రోడ్డు టైరే తగినది. మేనల్లునకు పిరెల్లి పి జీరో చెప్పితిని.

యముని ఉపమలో చక్రములు లేకపోవుటకు కారణము నాకు ఇందుననే తోచుచున్నది. ఆ దారిపై రెండవ రథము లేదు, అడ్డువచ్చు బాటసారి లేడు. అది ఒక్క జీవుని ప్రయాణము. పరులతోడి సంబంధము కథలోనికి వచ్చిన భారతమున చక్రములు కంటబడును. నేలకు నాలుగు వ్రేళ్ళ యెత్తున సాగుచుండెడి ధర్మరాజు రథము, అశ్వత్థామను గూర్చి ఆయన పలికిన అర్ధసత్యముతో నేలను తాకెనని ద్రోణపర్వము. కర్ణుని రథచక్రమును భూమి మ్రింగెనని కర్ణపర్వము. మొదటి కథను పతనకథగానే చిన్ననాటినుండి విన్నాను. అయినను, నేలను తాకని రథము మలుపు ఎట్లు తిరిగెను, గుఱ్ఱములు బెదరినప్పుడు ఎట్లు ఆగెను అను కొంటె సందేహము నన్ను విడువదు. వ్యాసభగవానుడు మన్నించుగాక.

బుద్ధ్ సర్క్యూట్‌ను మేనల్లుడు తలచుట సహజమే. గ్రేటర్ నోయిడాలో యమునా ఎక్స్‌ప్రెస్‌వే పక్కన నున్న ఆ 5.125 కిలోమీటర్ల బాటపై 2011, 2012, 2013 సంవత్సరములలో ఫార్ములా వన్ పందెములు జరిగినవి. మూడింటను సెబాస్టియన్ వెటెల్ గెలిచెను. 2013 అక్టోబరు 27వ తేదీ పందెమునందు అతడు మెత్తని టైర్లతో అందఱికంటె ముందు బయలుదేరి, రెండవ చుట్టు ముగియగానే లోనికి వచ్చి, వానిని తీసివేయించి, వానికంటె గట్టివి వేయించుకొని 17వ స్థానమున వెలికివచ్చి, 60 చుట్లు ముగియునప్పటికి మరల మొదటివాడై, నాలుగవమారు ప్రపంచవిజేత యయ్యెను. ప్రీతిపాత్రమైన మెత్తదనమును, అది పూర్తిగా నశింపకమునుపే, స్థానము పోయినను సరియే యని విడిచిపెట్టుట త్యాగమునకు చక్కని ఉదాహరణ మనవచ్చును. విజయానంతరము అతడు ప్రేక్షకుల ముందు కారును గిరగిర త్రిప్పి, దిగి, దానియెదుట మోకరిల్లి వంగి నమస్కరించెను. నియమోల్లంఘనమని జట్టునకు 25,000 యూరోల జుల్మానా పడినది. ఆయుధపూజ ఎఱిగిన మనకు ఆ నమస్కారము వింత కాదు. కాని అతనికి అరనిమిషమైన పట్టకుండ టైర్లు మార్చు పరివారము కలదు. రింగురోడ్డుపై అట్టివారు లేరు. జనవరికి, జూన్‌కు, జూలైకి గృహస్థుని టైరు ఒక్కటే. అధికారిభేదమును పాటింపని సాధన ఎట్లు చెడునో వేదాంతులు చెప్పుదురు. పందెగాని టైరును గృహస్థుడు తొడుగుకొనుట అట్టిదే. ఆ పక్కనున్న ఎక్స్‌ప్రెస్‌వేపై కార్లకు పరిమితి గంటకు 100 కిలోమీటర్లు.

టైర్ల దుకాణమునకు నేనును పోతిని. 2020 జూన్‌లో కేంద్రప్రభుత్వము క్రొత్త టైర్ల దిగుమతిని నియంత్రిత జాబితాలో చేర్చినది. ఇట్టి కొలతలు దొరకుట కష్టమైనప్పుడు గిడ్డంగిలో నున్న పాతవి క్రొత్తవిగా చెలామణి కాకపోవు. సర్దారు దుకాణదారు మంచివాడు. అడుగకమునుపే టైరు పక్కభాగమున ముద్రించిన నాలుగంకెలపై బొటనవ్రేలు పెట్టి చూపెను. మొదటి రెండును వారము, తర్వాతి రెండును సంవత్సరము. పిదప అతడు కారు ముందు టైరునొద్ద కూర్చుండి, గాడిని వ్రేళ్ళతో విడదీసి చూపగా, లోతు సగమునకు పైగా మిగిలియున్నను, అడుగున వెండ్రుకవాటు పగుళ్ళు కనబడినవి. కారు వారములతరబడి నేలమాళిగలో కప్పు క్రింద నిలిచియుండుటచేత అది నడిచినది తక్కువ. నడువకున్నను ఆమ్లజని, ఓజోను, ఢిల్లీ వేసవి తమ పని తాము చేసినవి. క్షణమైనను కర్మచేయక ఎవడును ఉండజాలడని గీత చెప్పిన మాట రబ్బరునకును వర్తించునని నే నంతకుముందు తలపలేదు. "వెనుకవి రెండూ మారిస్తే చాలదా, మామయ్యా?" అని మేనల్లుడు నావైపు చూచెను; నేను పగుళ్ళవైపు చూచితిని; నాలుగును మార్పించితిమి.

మంచి టైర్లు వేసికొన్నవాడు ఆ ధైర్యముతో మఱింత వేగముగా పోడా యని అడుగువారు కలరు. పోవచ్చును. అది సారథి సంగతి. దానికి టైరు పూచీపడదు.

బిల్లు కట్టిన పిదప, గోల్ మార్కెట్ బాలాజీ మందిరమునకు పోయి చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టి తొక్కింతమా యని వాడు అడిగెను. కారు క్రొత్తదైనప్పుడు చేయు పూజను టైర్లు క్రొత్తవైనప్పుడు ఎవరును చేయగా నేను చూడలేదు, చేసినను తప్పులేదంటిని. అచ్చునుండి వచ్చిన క్రొత్త రబ్బరుపై నునుపు పోవువఱకు, మొదటి మూడువందల కిలోమీటర్లు మెల్లగా నడుపవలెనని సర్దారు చెప్పెను. ఆ ఒక్క నియమమును వాడు పాటించినయెడల, నిమ్మకాయలు లేకున్నను లోపము రాదని నా అభిప్రాయము.