కీళ్ళ నొప్పులు - సహనానికి అసలు అర్థం

ఫజ్ర్ అజాన్ వినిపిస్తుంది. ఇంట్లో అందరికన్నా ముందు మేల్కొనేది దాదీయే. కాని మంచం మీది నుంచి కాళ్ళు కిందికి దించడానికే ఆమెకు చాలాసేపు పడుతుంది. గోడ పట్టుకుని వుజూకు వెళుతుంది. సజ్దా నుంచి లేచేటప్పుడు పళ్ళ బిగువున మూలుగు ఆపుకుంటుంది. మనవడు కుర్చీ తెచ్చి వేస్తే, "కుర్చీలో కూర్చొని చేస్తే అదేం నమాజు బేటా?" అంటుంది. కొడుకు డాక్టరు దగ్గరికి వెళదామంటే, "ఎందుకు డబ్బు దండగ? ఓర్చుకుంటే పాపాలైనా పోతాయి" అంటుంది. ఇది ఏ ఒక్క ఇంటి కథో కాదు. మన ఇళ్ళలో తరచూ కనిపించే దృశ్యమే.

ఆమె మాటలో సత్యం ఉంది. విశ్వాసికి కలిగే ప్రతి బాధా, చివరికి ముల్లు గుచ్చుకున్నా సరే, అతని పాపాలకు పరిహారమవుతుందని దైవప్రవక్త (స) తెలియజేశారు (బుఖారీ, ముస్లిం). మరి అలాంటప్పుడు మందు వాడితే ఆ పుణ్యాన్ని వదులుకున్నట్లేనా? నోరు విప్పి బాధ చెప్పుకుంటే సహనం భంగమైనట్లేనా?

హజ్రత్ అయ్యూబ్ (అలైహిస్సలాం) జీవితాన్ని చూడండి. సహనానికి ఆయన పేరే ఉదాహరణగా చెబుతాం. అయితే ఆయన మౌనంగా ఉండిపోలేదు. తనకు బాధ కలిగిందని తన ప్రభువుతో మొరపెట్టుకున్నారు (అల్ అంబియా: 83). అప్పుడు అల్లాహ్ ఆయన్ని కాలితో నేలను తట్టమన్నాడు. స్నానానికి, తాగడానికి చల్లని నీరు లభించింది (సాద్: 42). మొరపెట్టుకున్న ఆ ప్రవక్తనే అల్లాహ్ సహనశీలిగా ప్రశంసించాడు (సాద్: 44). అంటే బాధ చెప్పుకోవడం, ఉపశమనం కోసం ప్రయత్నించడం సహనానికి విరుద్ధం కావు. అల్లాహ్ పట్ల నిరాశ చెందడమే సహనానికి విరుద్ధం.

చికిత్స చేయించుకోవచ్చా అని పల్లెవాసులైన అరబ్బులు అడిగినప్పుడు, చేయించుకోమనే దైవప్రవక్త (స) సమాధానమిచ్చారు. వృద్ధాప్యానికి తప్ప ప్రతి రోగానికీ మందు ఉందని చెప్పారు (అబూ దావూద్, తిర్మిజీ). ఇక్కడ మనం ఒక పొరపాటు చేస్తుంటాం. ప్రతి కీళ్ళ నొప్పినీ వృద్ధాప్యం ఖాతాలో వేసేస్తాం. ఉదయం లేవగానే చేతివేళ్ళ కీళ్ళు వాచి, అరగంటకు పైగా బిగుసుకుపోయి ఉంటే అది రుమటాయిడ్ ఆర్థరైటిస్ కావచ్చు. పడుచువారికి కూడా ఇది వస్తుంది. తొలి నెలల్లోనే చికిత్స మొదలుపెడితే కీళ్ళు వంకరపోకుండా చాలావరకు కాపాడుకోవచ్చు. ఓర్చుకుంటూ కూర్చుంటే పాడైన కీలు మళ్ళీ మామూలు కాదు.

మోకాలి గుజ్జు అరిగినవారికి కూడా మార్గాలున్నాయి. తొడ కండరాలను బలపరిచే వ్యాయామం మేలు చేస్తుంది. ఒక కిలో బరువు తగ్గితే, వేసే ప్రతి అడుగులో మోకాలిపై సుమారు 4 కిలోల భారం తగ్గుతుంది. దీనికి భిన్నంగా, డాక్టరును అడగకుండా నొప్పి మాత్రలు నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. శరీరం మన సొత్తు కాదు, అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్.

ఇక కుర్చీ విషయం. హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) మొలల వ్యాధితో బాధపడుతూ నమాజు గురించి అడిగారు. నిలబడి చేయమని, చేతకాకపోతే కూర్చొని, అదీ చేతకాకపోతే పక్కకు ఒరిగి పడుకొని చేయమని దైవప్రవక్త (స) చెప్పారు (బుఖారీ). కూర్చొని నమాజు చేసేవారు సజ్దా చేయలేకపోతే తల వంచి సైగ చేయాలి. రుకూకన్నా సజ్దాకు మరికాస్త కిందికి వంచాలి. ఈ సడలింపు అవసరం ఉన్నవారి కోసమే. కొద్దిపాటి నొప్పికే కుర్చీ వేసుకోవడం ఎంత పొరపాటో, నిజంగా చేతకానివారు దాన్ని అవమానంగా భావించడం కూడా అంతే పొరపాటు. ఎంతవరకు నిలబడాలి, ఎప్పుడు కూర్చోవాలి అనేది ఎవరి పరిస్థితిని బట్టి వారు ఆలిములను అడిగి తెలుసుకోవాలి.

చివరగా మనల్ని మనం ప్రశ్నించుకోవలసిన మాట ఒకటుంది. "సహనం వహించమ్మా" అని పెద్దవారికి తేలిగ్గా చెప్పేస్తుంటాం. తన బాధపై తాను చూపేదే సహనం. ఎదుటివారి బాధ విషయంలో మనపై ఉన్నది సేవ. సేవ చేయవలసిన చోట సహనాన్ని ఉపదేశించి తప్పుకోవడం ధర్మమేనా? దాదీ డాక్టరు వద్దంటున్నది నిజంగా ఓర్పుతోనా, లేక మనకు భారమవుతానన్న భయంతోనా? ఎప్పుడైనా పక్కన కూర్చొని అడిగామా?

సూర్యుడు ఉదయించే ప్రతి రోజూ మనిషి శరీరంలోని ప్రతి కీలుపై ఒక సదఖా బాధ్యత ఉంటుందని దైవప్రవక్త (స) చెప్పారు. ఒక మనిషి వాహనం ఎక్కడానికి సాయపడటం కూడా సదఖాయేనన్నారు (బుఖారీ, ముస్లిం). మన మోకాళ్ళు బాగున్నాయి. వాటి సదఖా ఎక్కడ చెల్లించాలో వేరే వెతకనక్కర్లేదు. వుజూకు వేడినీళ్ళు అందించడం, మరుగుదొడ్డిలో పట్టుకోవడానికి ఒక కడ్డీ బిగించడం, డాక్టరు దగ్గరికి తోడు వెళ్ళడం, లేవబోతున్నప్పుడు చేయి అందించడం... ఇవన్నీ ఆ సదఖాయే.

అల్లాహ్ వ్యాధిగ్రస్తులందరికీ స్వస్థత ప్రసాదించుగాక! వారికి సేవ చేసే సద్బుద్ధి మనకు ప్రసాదించుగాక! ఆమీన్.