ఆకు ఆకునా ఆరాధన

న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో 'ద హార్ట్ ఆఫ్ ది ఆండీస్' అనే తైలవర్ణ చిత్రం ఉంది. అయిదున్నర అడుగుల ఎత్తు, దాదాపు పదడుగుల వెడల్పు. అమెరికన్ చిత్రకారుడు ఫ్రెడరిక్ ఎడ్విన్ చర్చ్ 1859లో దాన్ని పూర్తిచేశాడు. దూరాన మంచు కప్పుకున్న చింబొరాజో శిఖరం, దానికి ఇవతల కొండల వరసలు, నడుమ పచ్చని లోయ, నీటి ఒడ్డున చిన్న ఊరు, కిందికి దూకే జలపాతం. ఎడమవైపు కాలిబాట పక్కన ఒక శిలువ, దాని దగ్గర ఇద్దరు మనుషులు. వెతికితే గానీ కనపడరు.

చర్చ్ దైవభక్తి గల క్రైస్తవుడు. ఈ బొమ్మలో భక్తి ఎక్కడుందని అడిగితే ఎవరైనా ఆ శిలువనే చూపిస్తారు. నాకు మాత్రం అది ఆకుల్లో కనిపిస్తుంది. బొమ్మ కింది భాగంలో చెట్ల మొదళ్లను చుట్టుకున్న తీగలు, నీడలో పెరిగిన ఫెర్నులు, పూలు, పక్షులు. దేన్నీ గంపగుత్తగా పచ్చరంగు పూసి వదిలెయ్యలేదు. ఏ ఆకు అంచు దానిదే, ఏ ఆకు మీద పడిన ఎండ దానిదే. ఇందుకోసం 1853లో ఒకసారి, 1857లో మరోసారి ఈక్వెడార్ వెళ్లి, కొండదారుల్లో తిరిగి, కంటపడిన ప్రతిదాన్నీ చిత్తుబొమ్మలుగా గీసుకొచ్చాడు. ఈ లోయ ఉన్నదున్నట్టుగా ఏ ఒక్కచోటా లేదు. అక్కడక్కడా చూసినవన్నీ ఒక్కచోట కూర్చిన లోయ ఇది. తన పేరును కూడా ఎండ పడిన ఒక చెట్టు బెరడు మీద చెక్కినట్టు రాసుకున్నాడు.

బొమ్మ పూర్తయిన 1859లోనే, ఏప్రిల్ చివర న్యూయార్క్‌లో ఈ ఒక్క బొమ్మతోనే ప్రదర్శన పెడితే, 25 సెంట్ల టికెట్ కొని మూడు వారాల్లో 12 వేల మందికి పైగా చూశారు. నాటకాలకు తీసుకెళ్లే చిన్న బైనాక్యులర్లు వెంట తెచ్చుకుని, బొమ్మను ముక్కముక్కగా చూశారట.

ఆ చూసే తీరు నాకు భగవద్గీతను గుర్తుచేస్తుంది. విశ్వరూపం పదకొండో అధ్యాయంలో గానీ రాదు. అంతకుముందు విభూతి యోగంలో కృష్ణుడు కదలనివాటిలో హిమాలయాన్నని, చెట్లలో రావిచెట్టునని, జలాశయాల్లో సముద్రాన్నని ఒక్కొక్కటే చెబుతూ వస్తాడు. విడివిడిగా చూడటం అలవాటైన కంటికే మొత్తం చూపించాడు. మనకు ఆ ఓపిక ఉండదు. కొండ ఎక్కీ ఎక్కగానే విశ్వరూపమే కావాలంటాం, దారిలో రావిచెట్టు పక్కనుంచే నడిచిపోతాం.

చర్చ్‌ను ఆండీస్ దారి పట్టించినవి జర్మన్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ వాన్ హంబోల్ట్ రాసిన పుస్తకాలు. 1802లో చింబొరాజో మీద శిఖరం దగ్గరి దాకా ఎక్కినవాడు హంబోల్ట్. రాయి, మొక్క, మబ్బు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయని, ఉష్ణమండలానికి వెళ్లి వాటిని గీయాలని చిత్రకారులకు చెప్పినవాడూ ఆయనే. తొంభయ్యో ఏట ఉన్న ఆ పెద్దాయన, యౌవనంలో తిరిగిన కొండల్ని మళ్లీ కళ్లారా చూసుకోవాలని చర్చ్ ఈ బొమ్మను బెర్లిన్ పంపాలనుకున్నాడు. ప్రదర్శన నడుస్తుండగానే మే 6న హంబోల్ట్ కన్నుమూశాడు. ఎవరి కళ్ల కోసం ఇంత శ్రద్ధగా గీశాడో, ఆ కళ్లకు బొమ్మ చేరనేలేదు. అయినా చర్చ్ ఆ కొండల్ని వదల్లేదు. 1862లో ఈక్వెడార్‌లోనిదే మరో పర్వతం, కోటోపాక్సి అగ్నిపర్వతాన్ని, ఆకాశాన్ని కమ్మేసిన దాని పొగతో సహా గీశాడు.