బాయిలో సర్దార్, ఆఫీసులో మేనేజర్

పనివాళ్లు ఉన్నంతసేపూ మేనేజరూ ఉండాలా? బొగ్గుబాయి దగ్గర దీనికి స్పష్టమైన జవాబు దొరుకుతుంది. సింగరేణిలో షిఫ్టు మనుషులు దిగే ముందే మైనింగ్ సర్దార్ తన పరిధిలోని పనిచోట్లు చూసుకోవాలి. పైకప్పు తట్టి, గట్టిగా మోగుతోందా, డొల్లగా పలుకుతోందా అని చెవిపెట్టి వింటాడు. గ్యాసు పరీక్షిస్తాడు. షిఫ్టు ముగిసేదాకానో, మరో సర్దార్ వచ్చి బాధ్యత తీసుకునేదాకానో అక్కణ్ణుంచి కదలకూడదని నిబంధన. మేనేజరు రోజూ స్వయంగా పర్యవేక్షించాలి. అంతేగానీ మూడు షిఫ్టులూ కూర్చోవడం ఏ మనిషికీ సాధ్యం కాదు.

నాకు ఈ ఏర్పాటు నచ్చుతుంది. ప్రాణం మీదికి వచ్చేచోట "పని ఆపండి" అనగల మనిషి పక్కనే ఉండాలి, ఆ అధికారం అతనికి నిజంగా ఉండాలి. చాలా ఆఫీసుల్లో తంతు దీనికి తలకిందులు. నిర్ణయాలన్నీ తన దగ్గరే పెట్టుకుని, రాత్రి తొమ్మిదిదాకా కాపలా కాసే అధికారిని బాధ్యత గలవాడంటున్నాం. ఆయన లేవందే లేవలేక, పనైపోయినా కంప్యూటరు వంక చూస్తూ కూర్చునే పిల్లలున్నారు. వాళ్లను ఆరింటికి ఇంటికి పంపండి. రాత్రి షిఫ్టు ఉన్నచోట, నిర్ణయం తీసుకోగల ఒకరి పేరూ ఫోను నంబరూ గోడమీద రాసిపెట్టండి.