వీడ్కోలు సభలో మాట ఎవరిది?

మాధవరం



నువ్వు పంపిన వీడియో చూశాను నాన్నా. దానిమీద మీ లా కాలేజీలో వాదన పెట్టారనీ, నువ్వు కమాండర్ పక్షాన నిలబడ్డావనీ రాశావు. "సర్కారు జాగాలో, సర్కారు జెండా ముందు దేవుడి ఊసెందుకు తాతయ్యా" అన్నావు. తీసిపారేసే మాట కాదది. అయినా నాకు మింగుడుపడలేదు.

మీ కాలిఫోర్నియాలోనే ట్రావిస్ వైమానిక స్థావరంలో, 2016 ఏప్రిల్ 3న, ఒక మాస్టర్ సార్జెంట్ పదవీ విరమణ వేడుకలో తీసిన వీడియో అది. వాళ్ల ఆనవాయితీ ప్రకారం జెండాను 13 మడతలు పెట్టి త్రికోణంలా చేస్తారు. మడత పడుతుంటే పక్కన ఒకరు ప్రసంగం చదువుతారు. ఆ పనికి రిటైరవుతున్నాయన తనకు నచ్చిన మనిషిని పిలుచుకున్నాడు. 33 ఏళ్లు కొలువు చేసి అప్పటికే విరమించిన సీనియర్ మాస్టర్ సార్జెంట్ అతను. అతని ప్రసంగంలో దేవుడి పేరుంది. లేచి మొదలుపెట్టాడో లేదో, యూనిఫాంలో ఉన్నవాళ్లు వచ్చి రెక్కలు పట్టుకుని బయటికి ఈడ్చుకుపోయారు. ఈడుస్తున్నా అతను మాట ఆపలేదు. భార్యాబిడ్డల మధ్య, బంధువుల ఎదుట ఆ రిటైరయ్యే మనిషికి మిగిలిన జ్ఞాపకం అదీ!

వీడియో చూపించనిది కూడా ఉంది. ఆ మనిషి మాట్లాడటం యూనిట్ కమాండర్‌కు ఇష్టం లేదని అతనికీ, రిటైరవుతున్నాయనకీ ముందే తెలుసు. ప్రసంగంలో దేవుడి ప్రస్తావన ఉంటుందని హాలు తలుపుల మీద కాగితం అంటిస్తాం, ఇష్టం లేనివాళ్లు ముందే తెలుసుకుంటారు అని కూడా వీళ్లిద్దరూ ప్రతిపాదించారట. ఈడ్చివేయబడిన మనిషి తరఫు లాయర్లు చెప్పిన సంగతి ఇది, కాబట్టి ఒక పక్షం మాటగానే తీసుకో. అయినా ఆ కాగితం ముక్క దగ్గర కాసేపు ఆగాలి నువ్వు. గొడవ తెగ్గొట్టుకునే దారి ఒకటి బల్లమీదే ఉందన్నమాట. దాన్ని కాదని చివరికి చేతులకు పని చెప్పారు.

కమాండర్‌కు కారణం లేకపోలేదు. 2005లోనే వైమానిక దళం మతం ఊసు లేని ప్రసంగం ఒకటి తయారుచేసి పెట్టింది. మీ రాజ్యాంగం మొదటి సవరణ ఒక చేత్తో వాక్ స్వాతంత్ర్యం ఇస్తుంది, రెండో చేత్తో సర్కారు ఏ మతాన్నీ నెత్తిన పెట్టుకోకూడదంటుంది. పైగా పట్టాళంలో మాట స్వేచ్ఛ బయట ఉన్నంత ఉండదు. వియత్నాం యుద్ధానికి వెళ్లొద్దని నల్లజాతి సైనికులకు చెప్పిన ఆర్మీ డాక్టర్ హోవర్డ్ లెవీ కేసులో 1974లో మీ సుప్రీంకోర్టు చెప్పింది ఇదే, సైన్యం ప్రత్యేకమైన సమాజమని. మన దగ్గరా అంతే. రాజ్యాంగం 33వ అధికరణం సైనికుల ప్రాథమిక హక్కులను కుదించే అధికారం పార్లమెంటుకు ఇచ్చింది. అనుమతి లేకుండా పత్రికలతో మాట్లాడకూడదు, రాజకీయ సభకు పోకూడదు. ఊరినిండా పట్టాళం మనుషులున్న మన మాధవరంలో ఇది ఎవర్ని అడిగినా చెబుతారు. పట్టాళం కొలువులో ఉన్నన్నాళ్లూ నేనూ నోరు కట్టుకునే ఉన్నాను, దానికి బాధా లేదు.

కానీ పెన్షన్ వచ్చేనాటి సభ వేరురా. నన్ను పంపేటప్పుడు యూనిట్‌లో బడాఖానా విందు పెట్టారు. మెడలో దండ వేసి, చేతికి మెమెంటో ఇచ్చి, "సాబ్, రెండు మాటలు" అని మైకు ముందుకు తోశారు. అన్నేళ్లూ ఆర్డర్లు విన్న మనిషికి ఆ రెండు నిమిషాలు సొంతం. కూతురి పెళ్లికి కల్యాణమండపం అద్దెకు తీసుకుంటాం. ఎన్నింటికి ఖాళీ చెయ్యాలో యజమాని చెబుతాడు, పురోహితుడు ఏ మంత్రం చదవాలో చెప్పడు.

ఇక్కడ నన్ను పట్టుకుంటావని తెలుసు. పెళ్లికి ఇష్టమైనవాళ్లే వస్తారు, సైనిక వేడుకకు ఆర్డర్ మీద వచ్చి నిలబడేవాళ్లూ ఉంటారు కదా అంటావు. నిజమే. అందుకే రమ్మని బలవంతం చెయ్యకూడదు. రాని కుర్రాడి మీద కన్నెర్ర చెయ్యకూడదు. కమాండర్ తన అధికారం వాడాల్సింది ఆ కుర్రాడిని కాపాడటానికి. 2016 సెప్టెంబర్‌లో వైమానిక దళమే తేల్చి చెప్పింది: విరమణ వేడుక వ్యక్తిగతమైనది, ప్రసంగం ఎంపిక రిటైరయ్యేవారి ఇష్టం, ఆ మాటలు వారివే తప్ప దళానివి కావు. అయిదు నెలల ముందే ఈ ముక్క చెప్పి ఉంటే!

దేవుడి పేరు గెలిచిందని నేను సంబరపడటం లేదు. రేపు ఆ స్థావరంలోనే మన తెలుగు పిల్లవాడొకడు రిటైరవుతూ గీతా శ్లోకం చదివించుకుంటానంటాడు. ఇంకొకడు దేవుడి మాటే వద్దంటాడు. వాళ్లకూ ఇదే మర్యాద దక్కితేనే ఆ నిబంధనకు విలువ. దక్కకపోతే నువ్వు కమాండర్ మీద పడ్డా నేనేమీ అనను. అయితే ఆ మైకు పట్టుకుని ఎదుటివాడి మతాన్ని తూలనాడితే మాత్రం అది వీడ్కోలు మాట కాదు, కమాండర్ ఆపవలసిందే. ఆపడమంటే మైకు కట్టేసి "చాలు సాబ్" అనడం. రెక్కలు పట్టుకోవడం కాదు.

నువ్వు రేపు లాయరువవుతావు. ఇలాంటి కేసులు నీ బల్లమీదికి వస్తాయి. కక్షిదారు చూపించే నిమిషం వీడియోకి ముందు వారం రోజుల్లో ఎవరు ఎవరితో ఏమన్నారో అడుగు. నీకు గిట్టని మాట పలికినవాడి హక్కు గురించి కూడా నీ మనిషి హక్కంత ఓపికగానే చదువు.

కమాండర్ తరఫున నువ్వు రాసుకున్న వాదన నాకు పంపు. దానితోపాటు, ఈడ్చివేయబడిన మనిషి తరఫున కూడా ఒకటి రాసి పంపు. రెండో దాని కోసం ఎదురుచూస్తుంటాను.

మీ తాతయ్య