చీటీలో రాసిన ప్రశ్న

మన సంఘాల్లో ప్రార్థన విన్నపాల పెట్టె తెరిస్తే ఉద్యోగం, పెళ్లి, ఆరోగ్యం, వీసా గురించిన చీటీలే ఎక్కువ. మధ్యలో ఒకటో రెండో వేరే రకానివి ఉంటాయి. నా జీవితం పట్ల దేవుని చిత్తం ఏమిటో తెలిసేలా ప్రార్థించండి అని. ఇలా రాసేది డిగ్రీ చివరి ఏడాది పిల్లలే అనుకోనక్కర్లేదు, రిటైరైన పెద్దలూ రాస్తారు.

ఆ చీటీల వెనక ఒక భయం ఉంటుంది. దేవుడు తనకంటూ ఒకే ఒక్క పని రాసిపెట్టాడని, అది కనిపెట్టలేకపోతే బతుకంతా వృథా అని. ఎఫెసీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయంలో పౌలు చెప్పిన వరస వేరు. రక్షణ కృపవల్ల కలిగింది, మన క్రియలవల్ల కాదు, అందులో మనం గొప్పలు పోవడానికేమీ లేదంటాడు. ఆ వెంటనే, మనం నడవడానికి దేవుడు సత్క్రియలను ముందే సిద్ధం చేసి ఉంచాడంటాడు. ఎనిమిది, తొమ్మిది వచనాలు కంఠతా వచ్చి, పదో వచనం దగ్గర తడబడేవాళ్లు మనలో చాలామందే. ఆ పదో వచనం కూడా పని వెతుక్కోమనడం లేదు, నడవమంటోంది.

అలా నడిచిన ఒకాయన కథ చూద్దాం. ఛార్లెస్ వాకర్ పోస్నెట్ 1895లో సికింద్రాబాద్ వచ్చేనాటికి చేతిలో ఖాయమైన పని ఉంది. వెస్లియన్ మెథడిస్టు పాదిరిగా బ్రిటిష్ సైనికులకు పరిచర్య చేయడం. తన భాష మాట్లాడే సంఘం, అలవాటైన ఆరాధన. అయినా తృప్తి లేదు, మనసు పల్లెల వైపు లాగింది. 1897లో గుర్రమెక్కి మెదక్ చేరాడు. అసంతృప్తిని సణుగుడుగా మార్చుకోకుండా పిలుపుగా వినగలిగాడే, ఆయన కథలో నాకు నచ్చేది అదే.

1914లో ఆయన పూనికతో మెదక్ చర్చి పని మొదలైంది. యుద్ధం, కరువు, అంటురోగాలు ఒకదాని వెనక ఒకటి వచ్చిన రోజులవి. ఆకలితో ఉన్నవాళ్లకు పని ఇచ్చి, ఆ పనికి తిండి పెట్టారు. పదేళ్లు కట్టారు. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు, 175 అడుగుల ఎత్తు గోపురం. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది.

బియ్యం కోసం మతం మారారన్న మాట మన ప్రాంతంలో పాతదే. దానికి కోపం తెచ్చుకోవడం కన్నా జవాబు వెతకడం మంచిది. కష్టపడ్డవాడి చేతిలో పడ్డ బియ్యం దానం కాదు, కూలి. కూలి ఇచ్చి కృతజ్ఞత అడగకూడదు. అన్నం పెట్టి బాప్తిస్మం అడిగితే అది సత్క్రియ కాదు, బేరం. కృప ఉచితమని ప్రకటించేవాళ్లకు ఆ బేరం అసలే తగదు.

ద్రాక్షతోట యజమాని గురించి యేసు చెప్పిన కథ, మత్తయి సువార్త 20వ అధ్యాయంలోది, ఒకసారి కూలీల అడ్డా దగ్గర నిలబడి చదవాలి. పొద్దున్నే పార, తాపీ, టిఫిన్ డబ్బాతో జనం చేరతారు. మేస్త్రీ బండి ఆపి మనిషిని ఎగాదిగా చూస్తాడు. కండ ఉన్నవాళ్లు ముందు వెళ్లిపోతారు. పది దాటాక మిగిలేది ముసలివాళ్లు, అరచెయ్యి మెత్తగా ఉన్న కొత్తవాళ్లు. కాసేపు చూసి, డబ్బా అక్కడే తెరిచి తినేసి ఇంటిదారి పడతారు. యేసు కథలోని యజమాని పొద్దు వాలే వేళకు కూడా వచ్చి పిలిచాడు, గంట పనికి రోజు కూలి ఇచ్చాడు. పొద్దుట్నుంచీ ఎండలో కష్టపడ్డవాళ్లు సణిగారు. ఆ సణుగుడు నాకు న్యాయంగానే తోస్తుంది. మన మేస్త్రీ అలా చేస్తే మర్నాడు ఆరింటికి ఒక్కడూ రాడు! కానీ ఆ గంట పనివాడి ఇంట్లోనూ రాత్రికి పొయ్యి వెలగాలి కదా.

పనిని బట్టి కొలవని అలాంటి కృప అర్థం కావడానికి సమయం పట్టినవాళ్లూ ఉన్నారు. సికింద్రాబాద్ క్లాక్ టవర్ దగ్గరి వెస్లీ చర్చి ఏ జాన్ వెస్లీ పేరు మోస్తోందో, ఆయన ఆక్స్‌ఫర్డ్ రోజుల్లోనే ఖైదీలను చూడటానికి జైళ్లకు వెళ్లేవాడు, పేదలకు పంచేవాడు, ఉపవాసాలుండేవాడు. శాంతి మాత్రం దొరకలేదు. 1738 మే 24 రాత్రి లండన్ ఆల్డర్స్‌గేట్ వీధి కూటంలో కృప మీద నమ్మకం కుదిరింది. ఆ తర్వాత జైళ్లకు వెళ్లడం మానాడా? మరో యాభై ఏళ్లు ఊరూరూ తిరిగాడు. పని అదే, దేవుడి దగ్గర మార్కులు కూడబెట్టుకునే ఆరాటం పోయింది. రక్షణ కృపవల్లా, క్రియలవల్లా అన్న ఈ విషయంలో శతాబ్దాలు కొట్లాడుకున్న లూథరన్లు, కథోలికులు 1999లో ఒక ఉమ్మడి ప్రకటనకు వచ్చారు, 2006లో మెథడిస్టులూ కలిశారు.

చివరగా మళ్లీ ఆ చీటీల దగ్గరికి వద్దాం. ఇసాబెల్ కెర్ స్కాట్లండు డాక్టరు. భర్త జార్జ్ కెర్‌తో కలిసి 1907లో హైదరాబాద్ సంస్థానానికి వచ్చింది. ఇక్కడ కుష్ఠురోగులకు చికిత్స చేసే ఏర్పాటే లేదని వచ్చాకే తెలిసింది. నిజామాబాద్‌లో చిన్నగా మొదలైన పని 1915లో డిచ్‌పల్లి ఆస్పత్రి అయింది. ఆమె ఏ చీటీ రాసిందో నాకు తెలియదు, రోగులు మాత్రం గుమ్మం దగ్గరికే వచ్చారు. ఆ ఆస్పత్రి కట్టడానికి డబ్బిచ్చినవాడు రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత. దేవుడు ముందే సిద్ధం చేసిన క్రియల్లో ఆయన దానం ఉందా లేదా అని వేదాంతులు వాదించుకోనీ. డిచ్‌పల్లి సంగతి చెప్పేటప్పుడు కెర్ దంపతుల పేరుతో పాటు ఆయన పేరు కూడా చెప్పమని పాస్టరుగార్లకు నా మనవి.